మా చేను ఉప్పు పూసిన వైనం

మా ఊరు కాలువకు చిట్టచివర ఉంది. ధవళేశ్వరం దగ్గర బయల్దేరిన గోదావరి నీళ్ళు దారిలో ఉన్న ఊళ్ళన్నిటినీ పలకరించి, అందరి చేలూ తడిపి, ఇంకా ఓపిక మిగిలితే మా దాకా వచ్చేవి. మాకవతల ఉప్పుటేరు, ఏటికవతల ఇసుక దిబ్బలు, దిబ్బలకవతల సముద్రం. మా నాన్న కుర్రతనంలో అక్కడ వానకు పండే చోళ్ళూ ఉలవలూ తప్ప మరో పైరు ఉండేది కాదట. కాలువ తవ్విన తరవాత ఆయన ఆ నేలను చదును చేయించి, గట్లు పోయించి, వరి చేను చేశాడు. కష్టం ఆయనది. దానివల్ల వచ్చిన పొగరు మాత్రం పూర్తిగా నాది.

ఎక్కడైనా పెళ్ళికి వెళ్ళి విస్తరి ముందు కూర్చుంటే నేను వెంటనే పప్పు కలుపుకునేవాణ్ణి కాదు. నాలుగు మెతుకులు వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఈ బియ్యం ఏ ఊరివండీ?" అని పక్కనున్నాయన్ని అడిగేవాణ్ణి. ఆయన ఏ ఊరి పేరు చెప్పినా సరే, పాపం అన్నట్టు తల ఊపేవాణ్ణి. ఇంటికొచ్చాక నా భార్య, "మీరు భోజనానికి వెళ్తారా, తగువుకి వెళ్తారా?" అనేది. నాకది మెచ్చుకోలులాగే వినిపించేది.

ఈ విషయంలో నాకు సరిజోడు మా మామగారు. ఆయన మా అమ్మకు తమ్ముడు. ఆయన కూతుర్నే నేను చేసుకున్నాను. ఆయన చేలు మండపేట దగ్గర, కాలువకు ఎగువన. మేమిద్దరం కలిస్తే క్షేమ సమాచారాలకన్నా ముందు పంట సంగతే వచ్చేది. "ఈసారి మా చేలో కంకులు నేలకి వంగిపోయాయిరా" అని ఆయన అంటే, "మా చేలో నేలకి ఆని మళ్ళీ పైకి లేచాయి మామయ్యా" అని నేననేవాణ్ణి. ఆ మాట అబద్ధమని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఎవరమూ తగ్గేవాళ్ళం కాదు.

అలాంటి రోజుల్లో ఉప్పెన వచ్చింది. కార్తీక మాసం, చేను కోతకు దగ్గరపడింది. పగలంతా గాలి తూర్పు నుంచి ఈడ్చికొట్టింది. సాయంత్రానికి వాకిట్లోకి నీళ్ళు వచ్చాయి. కాలువ తెగిందేమో అనుకున్నాం. నా భార్య వంగి వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, "ఇవి కాలువ నీళ్ళు కావండి" అంది. అంతే, ఆవును విప్పేసి అందరం అటకెక్కాం. మా ఇల్లు మెరక మీద ఉండబట్టి బతికాం. ఏటవతల పల్లెల్లో చాలామంది బతకలేదు. ఆ తరవాత చూసినవన్నీ ఇక్కడ రాయను. రాస్తే నా వెర్రితనాన్ని గురించి నవ్వుతూ చెప్పడానికి నాకు నోరు రాదు.

నీరు తీశాక చేను దగ్గరకు వెళ్ళాను. ఏటివైపు సగం మీద ఇసుక పరుచుకుని ఉంది. మిగతా సగంలో వరి పడుకుని కుళ్ళిపోతోంది. మట్టి ఎండేకొద్దీ పైన సన్నగా తెల్లటి పొర కట్టింది. మా మామగారు పడవ నిండా బియ్యం, బట్టలు వేసుకుని వచ్చారు. కూతురు బతికి ఉందని చూసుకుని కాసేపు ఏడ్చారు. తరవాత నన్ను తీసుకుని చేను చుట్టూ తిరిగి, "ఒక్క వానాకాలం పడితే ఉప్పంతా కడుక్కుపోతుందిరా అల్లుడూ, చేను వదలకు" అన్నారు.

"వదలడమేంటి మామయ్యా, వచ్చే సార్వా పంటకి మీకు కొత్త బియ్యం పంపిస్తాను చూడండి" అన్నాను.

ఊళ్ళో చాలామంది అలా అనలేదు. కొందరు చేలు బీడు పెట్టేసి కాకినాడలో ఓడెక్కి రంగూన్ వెళ్ళిపోయారు. కొందరు గొర్రెలు కొన్నారు. నేను వాళ్ళందరినీ చూసి, వీళ్ళకి భూమి మీద నమ్మకం లేదని జాలిపడ్డాను. తొలకరి పడగానే ఆకుమడి దున్నించి విత్తనాలు చల్లించాను. మొలకలు వచ్చాయి. పచ్చగా లేచాయి కూడా. తరవాత కొసలు ఎర్రబారి, మెల్లగా ఉల్లిపొట్టు రంగుకు తిరిగి, ఒకదాని తరవాత ఒకటి తలవాల్చేశాయి. విత్తనం మంచిది కాదన్నాను. పొరుగూరి నుంచి నారు తెచ్చి నాటించాను. ఆ నారూ అదే దారి పట్టింది. నారు పీకినవాళ్ళు సరిగా పీకలేదన్నాను.

చవుడు పోవాలంటే మంచినీళ్ళు నిలగట్టి వదలాలి. కాలువ నీళ్ళేమో మా దాకా రావడమే గగనం. వచ్చిన కాసిని నీళ్ళూ చేలోకి పెడితే, సముద్రానికి పోటు వచ్చినప్పుడల్లా ఉప్పుటేరు, ఉప్పెనకు గట్లకు పడిన గండ్లలోంచి లోపలికి ఎక్కి, నేను కడిగిన ఉప్పును తిరిగి తెచ్చి అప్పగించేది. ఇదంతా ఏటి పనేనని నిర్ణయించుకున్నాను. రెండో ఏడు, ఉన్న ఓపికంతా పెట్టి ఏటివైపు పొడుగునా పెద్ద గట్టు పోయించాను. మనిషి ఎత్తు గట్టు. దాని మీద గొడుగు వేసుకుని అటూ ఇటూ తిరుగుతుంటే ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన దొర కూడా ఇంత ఆనందపడి ఉండడనిపించింది.

ఆ గట్టు నిజంగానే గట్టిది. సముద్రపు నీరు ఒక్క చుక్క కూడా లోపలికి రాలేదు. అయితే శ్రావణంలో కురిసిన వాన కూడా బయటికి పోలేదు. చేను మొత్తం మొలలోతు నీళ్ళతో నిండిపోయింది. నేలలో ఉన్న ఉప్పంతా అందులో కరిగి, చక్కగా అక్కడే ఉండిపోయింది. ఎక్కణ్ణించో బాతులు వచ్చి దిగాయి. రొయ్య పిల్లలు కనిపించాయి. నా భార్య గట్టెక్కి చుట్టూ చూసి, "ఏమండీ, నాట్లు వేయిద్దామా, వల వేయిద్దామా?" అంది. నాకు కోపం వచ్చి గట్టు దిగి పలుగు తీసుకుని నేనే గండి కొట్టబోయాను. కాలు జారి నడుము దాకా బురదలో దిగబడ్డాను. నన్ను పైకి లాగడానికి నాట్లు వేసే ఆడవాళ్ళు చీరకొంగులు బిగించుకుని రావలసి వచ్చింది. వాళ్ళు మర్యాద తెలిసినవాళ్ళు గనక, ఇళ్ళకు వెళ్ళేదాకా నవ్వలేదు.

మళ్ళీ గండి కొట్టబోవడానికి నాకు మొహం చెల్లలేదు. వేసవి వచ్చేసరికి నీళ్ళు వాటంతటవే ఇగిరిపోయాయి. ఒకనాటి ఉదయం వెళ్ళి చూస్తే చేనంతా మంచు కురిసినట్టు తెల్లగా మెరుస్తోంది. దగ్గరకు వెళ్ళి గిల్లి చూస్తే పలుకులు పలుకులుగా ఉప్పు. మా చేను వరి మానేసి ఉప్పు పూసింది.

ఆ కాలంలో ఉప్పు సర్కారుది. సెలవు లేకుండా ఉప్పు వండినా, ఉప్పుమన్ను గోకినా నేరమే. మాకు కోసెడు దూరంలో సముద్రం ఒడ్డున ఉప్పు మడులు, వాటి పక్కన ఉప్పు నిలవచేసే కొఠారు, దానికొక అధికారి ఉండేవాడు. మా చేను తెలుపు అంత దూరానికీ కనబడిందో ఏమో, ఆయన ఒక జవానును వెంటబెట్టుకుని వచ్చాడు. మంచి కోటు, తలపాగా, ఎండకు కమిలిపోయిన మొహం.

"ఈ చేను ఎవరిదండీ?" అన్నాడు.

"నాదేనండి."

"ఈ ఉప్పు ఎవరిదండి?"

ఇక్కడ బుద్ధి ఉన్నవాడెవడైనా నాది కాదండి అంటాడు. నా చేలో ఉన్నదాన్ని నాది కాదనడం నాకు పుట్టుకతో చేతకాదు. "చేను నాదైతే, చేలో పండింది ఇంకెవరిదవుతుందండి?" అన్నాను.

ఆయన జవాను వైపు తిరిగి, "విన్నావుగా, ఒప్పేసుకున్నారు" అన్నాడు.

చద్ది తెచ్చిన నా భార్య ఆ మాట విని పరుగెత్తుకొచ్చింది. "అయ్యయ్యో, బాబుగారూ, ఈయన మాటలు పట్టించుకోకండి. మేం ఉప్పు చెయ్యలేదండి. అదే వచ్చిందండి."

"అదే ఎలా వస్తుందమ్మా?"

"వరి రాలేదండి మరి. అందుకని అది వచ్చింది."

ఆయన ఆశ్చర్యంగా చుట్టూ చూశాడు. "ఇది వరి చేనా?"

నా గుండెలో గునపం దిగినట్టయింది. "ఏంటండీ అలా అడుగుతారు? ఈ చుట్టుపక్కల ఇంతటి వరి చేను లేదండి."

"వరి ఏదండి?"

గట్టువార ఒక పచ్చటి దుబ్బు ఎలాగో బతికి ఉంది. నేను రోజూ దాన్ని చూసుకునే ధైర్యం తెచ్చుకుంటున్నాను. దాన్ని వేలితో చూపించాను. ఆయన అక్కడిదాకా నడిచి, వంగి, ఒక ఆకు తుంచి చూసి, "నాకు సెంటు భూమి లేదండి. అయినా ఇది గడ్డి అని మాత్రం తెలుస్తోంది" అన్నాడు.

నిజమే, గడ్డే. ఇన్నాళ్ళూ దానికి నేనే కుండతో నీళ్ళు మోసి పోశాను.

నా మొహం చూసి ఆయనకు నా మీద ఉన్న అనుమానం పోయింది. దొంగ ఉప్పు చెయ్యడానికి కూడా కాస్త తెలివి కావాలి కదా. చివరకు, కేసు ఏమీ లేదు గాని ఆ ఉప్పును ఎవరూ ఎత్తుకుపోకుండా మట్టిలో కలిపి దున్నెయ్యమని చెప్పి వెళ్ళాడు. ఉప్పు పోవాలని అప్పటికి నేను మొక్కని దేవుడు లేడు. పెనుగొండ అమ్మవారికి కూడా మొక్కాను. ఇప్పుడు సర్కారు మాట ప్రకారం అరక కట్టించి, అదే ఉప్పును నా చేత్తో నా చేలోకి దున్నాను. ఎడ్లు కూడా నా వైపు అదోలా చూశాయి.

ఎండలు ముదిరేకొద్దీ ఉప్పు మళ్ళీ మళ్ళీ పూసింది. ఆ అధికారి మళ్ళీ మళ్ళీ వచ్చాడు. రానురాను అది తనిఖీ కాక రాకపోకలు అయింది. మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి వెళ్ళేవాడు. రాజమండ్రిలో పుట్టి పెరిగిన మనిషి; ఆ ఒడ్డున మాట్లాడే దిక్కులేక ఉన్నాడు. ఎప్పుడు చూసినా తన బంగళా చుట్టూ వేసుకున్న సరుగుడు చెట్ల గురించే చెప్పేవాడు. గాలి వీస్తే అవి ఎలా హోరుమంటాయో, వేసవిలో కూడా కింద ఎంత చల్లగా ఉంటుందో చెప్పేవాడు. వాటి ముచ్చట్లు చెప్పేటప్పుడు ఆయన కన్నబిడ్డల గురించి చెబుతున్నట్టే ఉండేది.

ఒకరోజు నా భార్య గుమ్మంలోంచి, "ఉప్పెనకి మీ చెట్లు పోలేదాండీ?" అని అడిగింది.

"బంగళా కప్పు పోయిందమ్మా. చెట్లు నిలబడ్డాయి."

"ఆ ఇసకలో, ఆ ఉప్పుగాలిలో?"

"వాటికి అదే ఇష్టంలాగుందమ్మా. కావాలంటే మొక్కలు పంపిస్తాను."

నేను అడ్డుపడ్డాను. "చెట్లెందుకండి మాకు? రైతన్నవాడు తినేది పండిస్తాడుగాని పొయ్యిలో పెట్టేది పండిస్తాడా?"

"తినేది వండడానికి పొయ్యి అక్కర్లేదేంటండీ?" అంది నా భార్య.

అధికారి మజ్జిగ గ్లాసు వెనక మొహం దాచుకున్నాడు.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఇసుక మేట వేసిన సగంలో ఆవిడ మొక్కలు, మిగతా సగంలో నా వరి. ఎవరైనా అడిగితే ఆ మొక్కలు చేనుకు గాలి తగలకుండా వేసిన అడ్డు అని చెప్పాలి. చేనంటూ ఏమీ లేదు గనక గాలికి కూడా అక్కడ చేసే పనేమీ లేదు. అయినా ఆ మాట చెప్పుకుంటే నాకు కాస్త ఊరటగా ఉండేది. ఆవిడ ఇసుకలో గుంట తవ్వించి, ఊరిన మంచినీళ్ళు ముంతలతో పోయించింది. నేను మూడో ఏడు మళ్ళీ నాట్లు వేయించాను.

ఆ ఏడు కూడా నా వరి చచ్చింది. ఆవిడ మొక్కలు మోకాలెత్తు లేచాయి. సన్నటి పుల్లల్లాంటి ఆకులు, బలం లేనట్టు ఊగే కొమ్మలు. వాటిని చూస్తే నాకు పిలవకుండా వచ్చి భోజనానికి కూర్చున్న చుట్టాల్లా ఉండేవి. మాఘంలో ఆవిడకు జ్వరం వచ్చి కొన్నాళ్ళు మంచం పట్టింది. మొక్కల సంగతి నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. కాని నీళ్ళు లేక ఎండుతున్న వాటి కొసలు చూస్తూ ఊరుకోలేకపోయాను. మనుషులెవరూ లేకుండా చూసి నేనే ముంతతో నీళ్ళు పోయడం మొదలుపెట్టాను. తడిసిన ఇసుక మీద ఒక చిన్న మొక్క గాలికి తల ఊపింది. ఇంత కాలం తరవాత నేను నీళ్ళు పోసింది ఒకటి చావకుండా నిలబడింది. అక్కడే గుంట పక్కన కూర్చుని కాసేపు లేవలేదు. జ్వరం తగ్గాక ఆవిడ చూసొచ్చి, "మొక్కలు బాగా ఉన్నాయండి. వానేమైనా పడిందా?" అని మాత్రం అడిగింది. పడిందన్నాను.

ఇంత జరుగుతున్నా మామగారికి మాత్రం నేను ఏమీ తెలియనివ్వలేదు. పడవల వాళ్ళు అటు వెళ్తున్నప్పుడల్లా, "చేను బాగుందని చెప్పండి" అని కబురు పంపేవాణ్ణి. "ఇక్కడా బాగుంది" అని ఆయన దగ్గర్నుంచి తిరుగు కబురు వచ్చేది. ఆయన మా ఊరు రాకుండా ఏవో సాకులు చెప్పి ఆపేవాణ్ణి. ఆయన కూడా ఈ మధ్య మమ్మల్ని రమ్మనడం లేదని నాకు తట్టలేదు.

మరో మూడేళ్ళ తరవాత నా మరదలి పెళ్ళికి వెళ్ళక తప్పలేదు. రేవులో పడవ దిగగానే మామగారు ఎదురొచ్చి, "అటు బురదమ్మా, ఇటు రండి" అంటూ మమ్మల్ని చుట్టుదారిన ఇంటికి తీసుకెళ్ళారు. మర్నాడు పొద్దున్నే నేను ఒక్కణ్ణీ చేలవైపు నడిచాను. ఆయన పల్లపు చేలున్న చోట మనిషి ఎత్తున జమ్మూ తుంగా లేచి ఉన్నాయి. దాని మధ్య మోకాలిలోతు నీళ్ళలో పంచె ఎగగట్టి మామగారు నిలబడి ఉన్నారు. పక్కన ఇద్దరు తుంగ కోస్తున్నారు.

"ఏంటి మామయ్యా ఇది?"

ఆయన ఉలిక్కిపడ్డారు. "ఏం లేదురా. గట్టు మీద కాస్త జమ్ము లేస్తే కోయిస్తున్నాను."

"గట్టు ఎక్కడుందండి?"

ఆయన కాళ్ళ కిందకు చూసుకుని, "ఇక్కడే... కిందెక్కడో ఉంది" అన్నారు.

తరవాత గట్టుగా మిగిలిన ఎత్తు చోట ఇద్దరం కూర్చున్నాం. ఆయన చెప్పుకొచ్చారు. మెరక చేలు పండుతున్నాయి గాని, పల్లమంతా ముంపు. "నీళ్ళు రావడానికి తోవ వేశారుగాని పోవడానికి వెయ్యలేదురా. ఏటికేడు ఊరిపోతోంది. ఏం చెయ్యను? తుంగ కోసి చాపలవాళ్ళకి ఇస్తున్నాను. ఆ మూల లోతు చేయించి కొరమేనులు వదిలాను. మీ అత్తయ్య చేపల చెరువు అని పిలిస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. అది నా చేను." పంచె అంచు పిండుకుంటూ, "నీకేంరా, నీ చేను బాగుందన్నావు" అన్నారు.

"బాగుంది మామయ్యా. ఏపుగా పెరిగింది."

"ఎంత ఎత్తుంది?"

ఆయన మోకాళ్ళదాకా అంటిన బురద చూశాక ఇక అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "మా ఇంటి కప్పు దాటింది" అన్నాను.

"వరేనా?" అన్నారాయన. నేను సరుగుడు సంగతి, ఉప్పు సంగతి, గడ్డిదుబ్బు సంగతి అన్నీ చెప్పేశాను. గడ్డిదుబ్బు దగ్గరకు వచ్చేసరికి ఆయన పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. ఆ తుడుచుకోవడం ఎంతకీ అవలేదు.

"నాకు రావలసిన నీళ్ళన్నీ ఇక్కడే అట్టేపెట్టుకున్నారన్నమాట" అన్నాను.

"తీసుకుపోరా బాబూ, నీకు పుణ్యం ఉంటుంది" అన్నారాయన.

మా సరుగుడు కోతకొచ్చేనాటికి రాజమండ్రి దగ్గర రైలు వంతెన పనులు సాగుతున్నాయి. ఎక్కడ చూసినా ఇటుక బట్టీలే. కట్టెలు అడిగినవాళ్ళకు అడిగినంత దొరకడం లేదు. పడవలు మా రేవుకే వచ్చాయి. అప్పటికి నా సగంలో కూడా సరుగుడే వేసేశాను. గట్లు ఎక్కడికక్కడ చదునైపోయి, ఏ మడి ఎక్కడుండేదో నాకే గుర్తుపట్టడం కష్టమైంది.

మొదటి కోతనాడు, ఒకప్పుడు మాకు నాట్లు వేసిన ఆడవాళ్ళు వచ్చి దూరంగా నిలబడ్డారు. నన్ను బురదలోంచి లాగినవాళ్ళే. వాళ్ళలో పెద్దావిడ, "బాగా పెరిగాయండి" అంది. తరవాత, "ఈ చెట్లకి మాతో పనేముంటుందండి? నాట్లు లేవు, కలుపు లేదు, కొడవలి కోత లేదు" అంది. తప్పుపడుతున్నట్టు కాదు, ఉన్నమాట చెబుతున్నట్టే అంది. కొందరిని మొక్కలకు నీళ్ళు పొయ్యడానికి పెట్టుకున్నాం. కొందరు ఉప్పు మడుల్లో పనికి కుదిరారు. మిగిలినవాళ్ళు ఊరు విడిచి, నాట్లున్న చోటికి, ఎగువకు వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం పడవ నిండా కట్టెలు వెళ్తుంటే సంతోషించాలో వద్దో తెలియక రేవులో ఊరికే నిలబడ్డాను.

ఇప్పుడు మా ఏటి ఒడ్డు పొడుగునా సరుగుడు తోటలే. చేలు చవుడెక్కిన రైతులు దూరం నుంచి వచ్చి నన్ను సలహా అడుగుతారు. నేను అరుగు మీద కాలు మీద కాలు వేసుకుని, ఆ నేలను చూడగానే దీనికి సరుగుడే తగినదని గ్రహించినవాడిలా, నిదానంగా చెబుతాను. అలాంటప్పుడు లోపల నా భార్యకు దగ్గు వస్తుంది. పోయిన ఏడు ఒకాయన నా సలహా పొల్లుపోకుండా పాటించాడు. మొక్కలు సగానికి పైగా చచ్చిపోయాయి. ఆయన మళ్ళీ వచ్చినప్పుడు నేను ఇంట్లో లేను. మా ఆవిణ్ణి అడిగి తెలుసుకుని మళ్ళీ నాటాడట. అవి బాగానే ఉన్నాయని మొన్న రేవులో కనబడి చెప్పాడు. నాకు దణ్ణం పెట్టి, "అమ్మగారు కులాసాయేనాండీ?" అని రెండుసార్లు అడిగి వెళ్ళాడు.